ప్రాజెక్టులో కలిసిన కోడ్ ఎవరిది?

కంప్యూటర్ ప్రోగ్రామును కాపీరైట్ చట్టం సాహిత్య రచనల కోవలోనే చేర్చింది. కాబట్టి కోడ్ రాసిన వెంటనే, రిజిస్ట్రేషన్ ఏదీ అక్కర్లేకుండానే, దాని మీద హక్కు రాసినవారికి వస్తుంది. ఆ కోడ్‌ను ప్యాచ్‌గా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు పంపినా, మెయింటెయినర్ దాన్ని కలుపుకున్నా, ఆ హక్కు దానంతట అది చేతులు మారదు. పంపినవారు ఇచ్చేది అనుమతి. లైసెన్సు షరతులకు లోబడి ఎవరైనా ఆ కోడ్‌ను వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టవచ్చు. అందుకే లినక్స్ కెర్నెల్ మొత్తానికి సొంతదారు అంటూ ఒకరు లేరు. వేలమంది వ్యక్తులు, కంపెనీలు ఎవరు రాసిన మేరకు వారు హక్కుదారులు. అక్షరదోషం సరిదిద్దినంత మాత్రాన హక్కు పుట్టదు. రాసినదానిలో సొంత రచన కొంతైనా ఉండాలి. సాఫ్ట్‌వేర్ సహాయపత్రాలను తెలుగులోకి అనువదించి ఇచ్చేవారికీ తమ అనువాదం మీద ఇలాంటి హక్కే ఉంటుంది. ఈ సంగతి చాలామంది పట్టించుకోరు.

రాసినవారిదే హక్కు అన్న సూత్రానికి పెద్ద మినహాయింపు ఉద్యోగం. భారత కాపీరైట్ చట్టం (1957) 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగ విధుల్లో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు ఉద్యోగం ఇచ్చిన సంస్థే. హైదరాబాద్‌లో పనిచేసే ఇంజనీరు ఆఫీసు పని మధ్యలో ఒక లైబ్రరీలోని బగ్‌ను సరిచేసి ప్రాజెక్టుకు పంపితే, ఇచ్చే అధికారం ఆ ఇంజనీరుకు అసలు లేకపోవచ్చు. సెలవురోజున సొంత ల్యాప్‌టాప్‌లో రాసినది వేరు. అయితే కొన్ని నియామక ఒప్పందాలు అలా రాసినదాన్ని కూడా సంస్థ ఖాతాలో వేసుకునేంత విశాలంగా ఉంటాయి. మొదటి ప్యాచ్ పంపేముందే ఆ ఒప్పందాన్ని చదివి, కంపెనీ అనుమతిని రాతపూర్వకంగా తీసుకోవడం తప్పనిసరి జాగ్రత్త.

ఈ చిక్కును ప్రాజెక్టులు రకరకాలుగా ఎదుర్కొన్నాయి. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఈమ్యాక్స్, జీసీసీ వంటి గ్నూ ప్రోగ్రాములకు కోడ్ ఇచ్చేవారి నుంచి కాపీరైట్‌నే రాయించుకునేది. అవసరమైతే వారు పనిచేసే సంస్థ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం కూడా అడిగేది. హక్కులన్నీ ఒకచోట ఉంటే లైసెన్సు ఉల్లంఘించినవారి మీద కోర్టుకు వెళ్లడం సులువని దాని వాదన. 2021లో జీసీసీ ఈ నియమాన్ని సడలించింది. అపాచీ ఫౌండేషన్ హక్కు అడగదు, సంతకంతో విస్తృతమైన అనుమతి తీసుకుంటుంది. లినక్స్ దారి వేరు. 2003లో ఎస్‌సీవో కంపెనీ ఐబీఎం మీద దావా వేసి, తమ కోడ్ లినక్స్‌లో చేరిందని ఆరోపించాక, ఏ ప్యాచ్ ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చి చెప్పగలగడం అవసరమైంది. 2004 నుంచి ప్రతి ప్యాచ్ కింద ‘సైన్డ్ ఆఫ్ బై’ అన్న వరుస చేరుస్తున్నారు. ఈ కోడ్‌ను ఈ లైసెన్సు కింద ఇచ్చే అధికారం నాకుంది అన్న హామీ అది. హక్కు మాత్రం రాసినవారి దగ్గరే ఉండిపోతుంది.

హక్కును పూర్తిగా బదిలీ చేసే పత్రం మీద సంతకం పెట్టేవారు భారత చట్టంలోని 19వ సెక్షన్‌ను గమనించాలి. బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే 5 ఏళ్లుగా, ఏ దేశాలకో రాయకపోతే భారతదేశానికి మాత్రమేనని చట్టం భావిస్తుంది.

హక్కులు చెదిరి ఉన్న ప్రాజెక్టుకు లైసెన్సు మార్చడం ఎంత కష్టమో ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ చూపింది. మార్పు ఆలోచన 2015లో బయటపెట్టింది. 2017లో కోడ్ ఇచ్చినవారందరికీ ఈమెయిళ్లు పంపింది. జవాబు రాకపోతే సమ్మతిగా భావిస్తామని అందులో రాయడం విమర్శలకు గురైంది. ఆ విమర్శ న్యాయమైనదే, మౌనం అనుమతి కాజాలదు. కొత్త అపాచీ లైసెన్సుతో 3.0 వెర్షన్ వచ్చేసరికి 2021 అయింది.

హాషికార్ప్ కథ ఇందుకు పూర్తిగా భిన్నం. 2023 ఆగస్టులో ఆ కంపెనీ తన ప్రోగ్రాము టెర్రాఫామ్‌ను ఓపెన్ సోర్స్ లైసెన్సు నుంచి తప్పించి, పోటీదారుల వాడకాన్ని నియంత్రించే లైసెన్సు కిందకు తెచ్చింది. బయటివారు కాపీరైట్ వదులుకోలేదు గానీ, వారు సంతకం చేసిన ఒప్పందంలోని అనుమతి అందుకు సరిపోయేంత విశాలంగా ఉంది. పాత వెర్షన్లు పాత లైసెన్సులోనే మిగిలాయి కనుక వాటి మీద వేరే ప్రాజెక్టుగా ఓపెన్‌టోఫు పుట్టింది. ఉచితంగా శ్రమ ఇచ్చినవారికి, తమ కోడ్ ఇకముందూ స్వేచ్ఛగానే ఉంటుందన్న మాట ఒప్పందంలో రాతపూర్వకంగా దక్కాలి. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ బదిలీ పత్రంలో అలాంటి మాట ఉంది. ఒక కంపెనీ అడిగే ఒప్పందంలో అది లేకపోతే, అంత విశాలమైన అనుమతి ఇవ్వకుండా హక్కులను చెదిరి ఉండనివ్వడమే కోడ్ ఇచ్చినవారికి మిగిలే రక్షణ.

ఆ రక్షణకూ ఖరీదు ఉంది. క్రిస్టోఫ్ హెల్‌విగ్ అనే కెర్నెల్ డెవలపర్, తన కోడ్‌ను లైసెన్సుకు విరుద్ధంగా వాడుకుందంటూ వీఎంవేర్ కంపెనీ మీద జర్మనీలో వేసిన దావాను హాంబర్గ్ కోర్టు 2016లో కొట్టివేసింది. కెర్నెల్‌లో కచ్చితంగా ఏ భాగాలు తనవో, అవి అవతలి ప్రోగ్రాములో ఎలా చేరాయో కోర్టుకు తగినట్టు నిరూపించలేదన్నది కారణం. 2019లో అప్పీలూ వీగిపోయింది. గిట్ చరిత్రలో సరైన పేరు, కమిట్లలో స్పష్టమైన వివరణ, ఫైళ్లలో కాపీరైట్ వరుసలు ఉంచుకోవడం ఇలాంటి దావాల్లో పనికివస్తుంది.

భారతదేశంలో ఈ హక్కు రాసినవారి జీవితకాలం, ఆపై 60 ఏళ్లు నిలుస్తుంది. రాసినవారు మరణిస్తే వారసులకు చెందుతుంది. ఇచ్చిన అనుమతి చాలని పరిస్థితిలో లైసెన్సు మార్చదలచిన ప్రాజెక్టు ఆ వారసులను వెతికి అడగాలి, లేదా ఆ భాగాన్ని తీసేసి కొత్తగా రాసుకోవాలి.