పాతర మూత

నా బాల్యమున బనగానపల్లెలోని మా పెరటియందు, ఒక నాపరాతి పలక క్రింద, మెడ సన్నమై కడుపు విశాలమై, పెద్ద కుండవలె భూమిలోనికి దిగిన జొన్నపాతర యొకటి యుండెడిది. పంట పండిన యేట అవ్వ దగ్గర నిలిచి, అడుగునను చుట్టును ఎండుగడ్డి దట్టముగా పరపించి, పంటికి పటుక్కుమనునట్లు ఎండిన జొన్నలను నింపించి, మీద మరల గడ్డియు మట్టియు కప్పించి అలికించునప్పుడు, ఆమె ముఖమున కలిమి దర్పము గాక, బిడ్డను దూరదేశమునకు సాగనంపు తల్లి నిదానము కనబడెడిది.

రాబోవు కాలమును చెప్పుటలో మా యూరికి కొరత లేదు. రవ్వలకొండ గుహలో వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానము వ్రాసెననియు, ఆ తాటాకులను పాతిపెట్టిన చోటనే చింతమాను మఠము వెలసెననియు చెప్పుకొందురు. అవ్వకు ఆ పాతరపై భక్తియే గాని, కలవరమంతయు తన పాతరను గూర్చియే.

అవ్వ కలవరపడిన చెడ్డకాలమునకు నేడు కొలతలును కలవు: వరుసగా రెండు త్రైమాసికములు దేశోత్పత్తి తగ్గినచో మాంద్యమని అర్థశాస్త్రజ్ఞుల వాడుక. మాకు అంత లెక్క అక్కరలేదు. పట్టణములలో ఇండ్ల కట్టడము మందగించిన నాడు పాలిష్ ఫ్యాక్టరీల ముంగిట నాపరాళ్ల దొంతరలు కదలక నిలిచిపోవును. రాజ్యమైనను ఇల్లే గదా: ఆదాయవ్యయములు అదుపు తప్పెనని 1905లో మద్రాసు ప్రభుత్వము మా బనగానపల్లె సంస్థానపు నవాబు చేతినుండి పాలనను కొంతకాలము లాగికొనెను.

పాతర వేయుటకంటె తీయుట కష్టము. మూసిన గోతిలో ధాన్యమే శ్వాసించి ప్రాణవాయువును హరించును. లోని పురుగు చచ్చుటయు, తొందరపడి దిగిన మనుష్యుడు చచ్చుటయు ఆ కారణముననే. కావున మూత తీసి, గాలి యాడనిచ్చి, త్రాట కట్టిన దీపమును దింపి, అది ఆరకున్ననే మనిషిని దింపుదురు. పైపొరయు అంచుపొరయు బూజుపట్టి పోవును. మిగిలిన జొన్నలకును మక్కిన వాసన తప్పదు. ఆ రొట్టె రుచింపక నేను ముఖము త్రిప్పుకొనగా, “ఆకలైతే వాసన తెలీదులే నాయనా,” అనెడిది అవ్వ.

ఆరునెలల ఖర్చు బ్యాంకులో దాచుకొనుడని నేడు చెప్పబోయినచో, ధరలు పెరిగి ఆ సొమ్ము విలువ కరగిపోవును గదా యని చదువుకొన్నవారు వాదింతురు. కరగును, అది పైపొర. మెడలోని గొలుసును నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి, అనగా ఏటికి 36 రూపాయలకు, కుదువపెట్టుటకంటె ఆ పొరను పోగొట్టుకొనుట చౌక యని నా లెక్క.

ఈ లెక్కనే పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేయు మేనల్లునితో చెప్పితిని. “ఆర్నెల్లదా మామా! ఈ వారం కూలి వచ్చే వారానికి మిగిలితే అదే గొప్ప,” అనెను. నాకు బదులు తోచలేదు. పాతరకు ముందు పొలము కావలెను. పొలమునకు ముందు వాన కావలెను. 1866 నాటి కరవున ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన ధాన్యమును వెలికితీసి వేలమందికి అన్నము పెట్టెననియు, విక్టోరియా రాణి స్వర్ణపతకము పంపెననియు ఈ సీమలో నేటికిని తలచుకొందురు. పతకము మాట యందరికి గుర్తున్నది గాని, పంక్తిలో కూర్చున్న ఆ వేలమందికి పాతరలు లేకుండుటను గూర్చి మాటలాడు వారిని నేను చూడలేదు.

మా పాతర తీయించిన దినమున మొదటి తట్ట ఇంటిలోనికి గాక, వాకిట కాచుకొని కూర్చున్న కళ్లపు కూలీల యొడిలోనికి పోయెడిది. అది దానమో, పోయిన యేటి కూలిబాకీయో, నేను అవ్వను అడిగి యెరుగను.