డీఎన్ఏ పరీక్ష ఎందుకు చేయించడు? - టీవీ కథలో లొసుగులు, ప్రేక్షకుల తీర్పు

స్టార్ మా ఛానెల్‌లో 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా వచ్చిన 'కార్తీకదీపం' సీరియల్‌ను మీరు చూసే ఉంటారు. చూడకపోయినా, రాత్రి ఏడున్నరకు పక్క గదిలోంచి ఆ మాటలు మీ చెవిన పడే ఉంటాయి. మలయాళంలో వచ్చిన 'కరుత్తముత్తు' దీనికి మూలం. రెండింటిలోనూ ప్రేమి విశ్వనాథే నాయిక. వంటలక్క, డాక్టర్ బాబు అన్న పేర్లు తెలుగు ఇళ్లలో చుట్టాల పేర్లయిపోయాయి. ఈ సీరియల్ మీద ప్రేక్షకులు ఏళ్ల తరబడి వేసిన ఒక ప్రశ్న ఈ పాఠానికి ఆధారం. విమర్శ అనగానే పండితులు రాసేదే అనుకుంటాం. కానీ టీవీ ముందు కూర్చుని "ఇదెట్లా కుదురుతది?" అని అడిగే మనిషి చేస్తున్నది కూడా విమర్శే.

కథను క్లుప్తంగా గుర్తు చేసుకుందాం. కార్తీక్ డాక్టరు. తనకు పిల్లలు పుట్టరని మోనిత సృష్టించిన తప్పుడు రిపోర్టును అతను నమ్ముతాడు. మోనిత కూడా డాక్టరే, అతనిని కోరుకున్న మనిషి. అందుకే భార్య దీప గర్భవతి అయినప్పుడు ఆమెను అనుమానిస్తాడు. దీప ఇల్లు వదిలి వెళ్తుంది. పుట్టిన కవలల్లో శౌర్య దీప దగ్గర, హిమ కార్తీక్ దగ్గర పెరుగుతారు. హిమ తన కూతురేనని కార్తీక్‌కు తెలియదు.

ఇక్కడే జనం ప్రశ్న మొదలైంది. అంత చదువుకున్న డాక్టరు ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయిస్తే పోలేదా? ఆ ప్రశ్న జోకుల్లో తిరిగింది, ఫోన్లలో బొమ్మలై తిరిగింది. హైదరాబాద్ నగరానికి డీఎన్ఏతో ఉన్న సంబంధం తెలిసినవారికి అది మరీ నవ్వు తెప్పిస్తుంది. మన దేశంలో డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని లాల్జీ సింగ్ అభివృద్ధి చేసింది హైదరాబాద్‌లోని సీసీఎంబీలోనే. ఆ పనికే ప్రత్యేకించిన సీడీఎఫ్‌డీ సంస్థ కూడా అక్కడే ఉంది.

కథలో ఒక విషయానికి మరో విషయం అడ్డుపడి, దానికి కథలోనే జవాబు దొరకనప్పుడు దాన్ని లొసుగు అంటాం. అయితే ప్రేక్షకుడు లొసుగు అన్నదల్లా లొసుగు కాదు. దీనికి ఇదే సీరియల్‌లోని నేరకథా భాగం మంచి ఉదాహరణ. 2021లో వచ్చిన ఎపిసోడ్లలో మోనిత హత్యకు గురైనట్టు కనిపిస్తుంది. ఆ నేరం కార్తీక్ మీద పడి అతను జైలు పాలవుతాడు. మోనిత మాత్రం బతికే ఉంటుంది. మనిషి బతికి ఉండగా హత్య కేసు ఎలా నిలుస్తుంది, శవమే లేకుండా కేసేమిటి అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ శవం దొరికి తీరాలన్న నియమం మన చట్టంలో లేదు. సేవక పెరుమాళ్ కేసులో సుప్రీంకోర్టు 1991లో ఈ మాటే చెప్పింది. శవం దొరకకపోయినా, హత్య జరిగిందనడానికి నమ్మదగిన ఇతర సాక్ష్యం ఉంటే శిక్ష వేయవచ్చు. కాబట్టి విమర్శకుడు అడగవలసింది శవం గురించి కాదు. ఆ ఇతర సాక్ష్యం ఎంత గట్టిదో ఎపిసోడ్ మనకు చూపించిందా లేదా అని అడగాలి.

ఇంకో చిక్కు ఉంది. మోనిత బతికే ఉందని మనకు తెలుసు, పోలీసులకు తెలియదు. మనకు తెలిసింది పోలీసులకు ఎందుకు తెలియదన్న చిరాకును మనం చాలాసార్లు లొసుగుగా పొరబడతాం. నిజానికి కథనం బలమంతా ఆ తేడాలోనే ఉంది. జనగామ ప్రాంతంలో రాత్రంతా ఒగ్గుకథ వినడం అలవాటైన వారికి ఇది చెప్పనక్కరలేదు. లింగాల ఘనపూర్ మండలం మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య మల్లన్న కథ చెబుతుంటే, ముందు ఏం జరుగుతుందో తెలిసినవాళ్లే కూర్చుని విన్నారు. పాత్రలకు తెలియనిది శ్రోతకు తెలియడం అక్కడ లోపం కాదు, రుచి. దేవుడు ప్రత్యక్షమైతే అదెలా సాధ్యమని ఎవరూ అడగరు. జరగలేనిదే అయినా నమ్మించగలిగినది, జరగగలిగినదే అయినా నమ్మించలేనిదానికంటే కవికి మేలని అరిస్టాటిల్ అన్నది ఇందుకే.

'సీఐడీ'ని దీని పక్కన పెట్టి చూడండి. సోనీ ఛానెల్‌లో 1998లో మొదలై 2018 దాకా నడిచిన హిందీ ధారావాహిక అది. దయా తలుపులు బద్దలు కొడతాడు. డాక్టర్ సాలుంఖే ప్రయోగశాలలో ఫలితం చిటికెలో వచ్చేస్తుంది. నిజమైన ఫోరెన్సిక్ ల్యాబులో అలా రాదని అందరికీ తెలుసు. నవ్వుకుంటూనే ఇరవై ఏళ్లు చూశారు. అక్కడి లొసుగు పని తీరుకు సంబంధించినది కాబట్టి ఎవరి మనసూ నొప్పించలేదు.

మరి డీఎన్ఏ ప్రశ్నను జనం ఎందుకు వదల్లేదు? ఆ లొసుగు పాత్రలోనే ఉంది కనుక. ఔచిత్యం తప్పితే రసభంగం జరుగుతుందని ఆనందవర్ధనుడు చెప్పిన సూత్రాన్ని మీరు అలంకారశాస్త్ర భాగంలో చదివారు. కార్తీక్ చదువురాని మనిషి అయితే ప్రశ్నే లేదు. రోజూ రోగుల రిపోర్టులు చూసే డాక్టరు తన బతుకును తలకిందులు చేసిన రిపోర్టును మాత్రం రెండోసారి చూడడు. పాత్రకు రచయిత ఇచ్చిన చదువుకూ, అతని చేత చేయించిన పనికీ పొత్తు కుదరలేదు.

ఇక్కడ నాకు జనం ప్రశ్నతోనే కొంత పేచీ ఉంది. పిల్లలకు పరీక్ష చేయించమన్నారు సరే. తప్పుడు రిపోర్టు వచ్చింది ఎవరి శరీరం గురించి? కార్తీక్ గురించి. మళ్లీ పరీక్ష చేయించుకోవలసింది అతను. మరో ఆసుపత్రికి వెళ్లి తన పరీక్ష తాను చేయించుకుంటే దీప పేరు ఎత్తకుండానే కథ తేలిపోయేది. ఈ చిన్న మాట జోకుల్లో పెద్దగా వినిపించలేదు. మనం నవ్వుతూ అడిగిన ప్రశ్నలో కూడా రుజువు చూపించవలసిన బరువు ఆడమనిషి మీదే, ఆమె కన్న పిల్లల మీదే పడింది. సీత అగ్నిలో దూకిన కథను వందల ఏళ్లుగా వింటున్న సమాజానికి నిప్పు స్థానంలో ల్యాబు వచ్చిందంతే.

ఈ విషయంలో చట్టం సీరియల్ కంటే, ప్రేక్షకుడి కంటే జాగ్రత్తగా ఉంది. వివాహబంధం కొనసాగుతుండగా పుట్టిన బిడ్డను ఆ దంపతుల బిడ్డగానే భావించాలని పాత సాక్ష్య చట్టం 112వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అది 116వ సెక్షన్ అయింది. భర్త అనుమానపడ్డాడని మాత్రాన రక్తపరీక్షకు ఆదేశించకూడదని గౌతమ్ కుండూ కేసులో సుప్రీంకోర్టు 1993లో అన్నది. తల్లి పరువు, బిడ్డ భవిష్యత్తు ఆ తీర్పుకు కారణాలు. అలాగని కోర్టు విజ్ఞానాన్ని తోసిపుచ్చలేదు. పరీక్ష ఫలితం ముందుకు వచ్చాక చట్టపు ఊహ కంటే దానికే విలువని 2014లో నందలాల్ బద్వాయిక్ కేసులో చెప్పింది. ఈ రెండు తీర్పుల మధ్య ఉన్న సంఘర్షణ ఒక గొప్ప ఎపిసోడ్‌కు సరిపోయేది. సీరియల్ దాన్ని వాడుకోలేదు.

దినసరి సీరియల్‌కు ఒక ఇబ్బంది ఉందన్నది కూడా మరిచిపోకూడదు. డిటెక్టివ్ యుగంధర్ కథ రాసిన కొమ్మూరి సాంబశివరావుకు ఒక చివరి పేజీ ఉంది. ముడి విప్పడమే ఆయన పని. దినసరి సీరియల్‌కు రేపటి ఎపిసోడ్ కావాలి, అంటే ముడి విప్పకపోవడమే దాని పని. ఒక్క పరీక్షతో కథ అయిపోతుందని ప్రేక్షకుడికి తెలిసినట్టే రచయితకూ తెలుసు. ఇది కారణమే కానీ సమర్థన కాదు. కథ సాగాలంటే పరీక్షకు దారి మూసే బలమైన అడ్డంకిని రచయిత కల్పించి ఉండవలసింది.

లొసుగు ప్రేక్షకుడి చేతిలో ఏమవుతుందో కూడా చూడాలి. నవల చదివే మనిషి వెనక పేజీ తిప్పి చూసుకుంటాడు. భూపాలపల్లి గనిలో సెకండ్ షిఫ్టుకు వెళ్లిన కార్మికుడు ఏడున్నర ఎపిసోడ్ చూడలేడు. మర్నాడు ఇంట్లోవాళ్లు చెబితే వింటాడు. జనగామ నుంచి సికింద్రాబాద్‌కు రోజూ రైలులో పనికి పోయేవారికి, మహబూబాబాద్ వైపు మిరప చేలల్లో కాయ ఏరేవారికి కూడా కథ అలా పక్కవారి నోటి నుంచే అందవచ్చు. చెప్పే మనిషి ఊరికే చెప్పరు. "ఆయనకు పరువు పోతదని భయం, అందుకే చేయిస్తలేడు" అని ఒక కారణం చేర్చి చెబుతారు. రచయిత వదిలేసిన కంతను ఆ మాట పూడ్చేస్తుంది. కొన్నిసార్లు ఆ మాట సీరియల్ కంటే మెరుగైన కథ అవుతుంది.

అభ్యాసం: మీ ఇంట్లో లేదా వాడకట్టులో నేరకథ ఉన్న ఏదైనా సీరియల్ ఒక్క ఎపిసోడ్‌ను ముగ్గురితో కలిసి చూడండి. ఎవరు ఏ చోట "ఇదెట్లా?" అన్నారో వారి మాటల్లోనే రాసుకోండి. ఆ అభ్యంతరం వాస్తవం గురించా, చట్టం గురించా, పాత్ర గురించా అన్నది గుర్తించండి. తరువాత అదే ఎపిసోడ్ చూడని నాలుగో వ్యక్తికి వారిలో ఒకరి చేత కథ చెప్పించి, చెప్పేటప్పుడు వారు ఏం చేర్చారో ఒక పేజీలో రాయండి.