జెండా పాటకూ రాశికీ మధ్య

పీజీ విద్యార్థి సినాప్సిస్ రెండు పేజీలు తిప్పేసరికి, రాసినవాళ్లు వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డులో ఒక్క పొద్దయినా గడిపారా లేదా అన్నది తెలిసిపోతుంది. గడపనివాళ్ల కాగితం దేశంలో వ్యవసాయ ప్రాధాన్యంతో మొదలై, మిర్చి ఎగుమతుల మీదుగా నడిచి, నాలుగు లక్ష్యాల దగ్గర ఆగుతుంది. నాలుగో లక్ష్యం ఎప్పుడూ ఒకటే: రైతుల సమస్యలను గుర్తించి తగిన సూచనలు చేయడం. పద్ధతి దగ్గరికొస్తే మూడు మండలాలు, 120 మంది రైతులు, వాళ్లు చెప్పిన సమస్యలను వరుసలో పెట్టే గారెట్ ర్యాంకింగ్. ఫలితం ముందే చెప్పొచ్చు. మొదటి ర్యాంకు గిట్టుబాటు ధర లేకపోవడానికి, రెండోది కూలి ఖర్చుకు. ఆ ర్యాంకుల్లో అబద్ధమేమీ లేదు. కానీ అవి తెలుసుకోవడానికి పరిశోధన అక్కర్లేదు, బస్సులో పక్క సీటాయనను అడిగినా చెబుతాడు. రెండేళ్ల చదువులో దాదాపు ఏడాది పాటు చేసే పనికి అది చాలదని నా గట్టి నమ్మకం.

1976 నుంచి కాకతీయ విశ్వవిద్యాలయం ఉన్న నగరం ఇది. వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, నిట్ ఉంది. దేశంలోని పెద్ద వ్యవసాయ మార్కెట్లలో ఒకటి ఇదే ఊళ్లో, ఆటోలో వెళ్లగలిగే దూరంలో ఉంది. ఇంకెక్కడి విద్యార్థులకైనా ఇలాంటి క్షేత్రం దొరకాలంటే రైలెక్కాలి. అందుకే సినాప్సిస్ ముందు రాసి, యార్డుకు తరువాత వెళ్లే పద్ధతి నాకు మింగుడుపడదు.

ఈమధ్య ఒక అమ్మాయి తెచ్చిన శీర్షిక ‘మిర్చి మార్కెటింగ్‌పై ఈ-నామ్ ప్రభావం’. ఈ-నామ్ అనే జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ మొదలైంది 2016 ఏప్రిల్ 14న. దాని ప్రభావం తేల్చాలంటే అంతకు ముందటి ధరలు కావాలి, తరువాతి ధరలు కావాలి, ఆ మార్పు రాని మార్కెట్ మరొకటి పోలికకు కావాలి. 2017లో మిర్చి ధర కుప్పకూలింది. ఏప్రిల్ 28న ఖమ్మం మార్కెట్లో రైతుల కోపం కట్టలు తెంచుకుంది. క్వింటాలుకు 5,000 రూపాయలతో కేంద్రం కొనుగోలు పథకం ప్రకటించాల్సి వచ్చింది. ఆ తరువాత 2021–22లో నల్ల తామర పురుగు తోటలను తినేసి, దిగుబడి పడిపోయి, ధరలు పైకెళ్లాయి. ఈ ఎగుడుదిగుళ్లలో ఈ-నామ్ వాటా ఎంతో ఒక్క సీజన్ సర్వేతో విడదీయడం ఎవరి తరం?

అలాంటి ప్రశ్నకు జవాబు దొరకదని కాదు, దానికి తగ్గ సందర్భం కలిసిరావాలి. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త 2007లో అచ్చువేసిన కేరళ చేపల మార్కెట్ల అధ్యయనం చదవమని ఆమెకిచ్చాను. ఉత్తర కేరళ తీరంలో సెల్ టవర్లు ఒక్కో ప్రాంతానికి ఒక్కో సమయంలో వచ్చాయి. ఆయన వారం వారం సార్డిన్ చేపల ధరలు సేకరించాడు. ఫోన్ వచ్చిన చోట ఒక రేవుకూ మరో రేవుకూ మధ్య ధరల తేడా బాగా తగ్గిపోయింది, అమ్ముడుపోక పారబోసే చేపలు లేకుండా పోయాయి. ఫోన్ ఇంకా రాని చోట పాత తీరే సాగింది. ఆ పోలికే ఆయన రుజువు. ‘మన దగ్గర అట్లాంటిది లేదు కద సార్’ అంది. లేదు. అందుకని ప్రశ్న మారాలి.

ప్రశ్నావళి లేకుండా, పెన్ను మాత్రం తీసుకుని యార్డుకు వెళ్లి రమ్మన్నాను. ముక్కుకు చున్నీ చుట్టుకుని, తేజ, వండర్ హాట్, చపాటా రాశుల మధ్య తిరిగి, హమాలీలతో, తూకం వేసే దడువాయిలతో, చాట పట్టే ఆడవాళ్లతో మాట్లాడి వచ్చింది. వచ్చాక అడిగిన మాట ఇది: ‘సార్, పొద్దున జెండా పాటల పలికిన రేటు ఎంతమందికి దక్కుతది?’

ఇదీ సినాప్సిస్ అంటే. జెండా పాట అనే పొద్దుటి వేలంలో మంచి సరుకుకు పలికిన ధరే ఆనాటి గరిష్ఠ ధరగా మర్నాడు పేపర్లో వస్తుంది. ఆ తరువాత ఖరీదుదారులు మిగతా రాశులు చూస్తూ ధర చెబుతూ పోతారు. కాంటా అయ్యాక రైతు చేతికొచ్చే తక్‌పట్టీలో వేరే అంకె ఉంటుంది. జెండా పాట ఒకటి, మాకిచ్చింది ఒకటి అనే ఫిర్యాదు యార్డులో ఎప్పుడూ వినేదే. ఆ తేడా ఎంత, ఎవరికి ఎక్కువ, ఎందుకు? ఒక మనిషి, ఒక సీజన్, ఒక యార్డు చాలు ఈ ప్రశ్నకు.

అయితే ఇక్కడే అసలు పని మొదలవుతుంది. తాలు కలిసిన రాశికి తక్కువ ధర రావడంలో అన్యాయం లేదు. తేమ ఎక్కువుంటే కూడా అంతే. కాబట్టి నాణ్యతను కొలవకుండా ధరలను పోల్చకూడదు. రైతు ఒప్పుకుంటే రాశిలోంచి గుప్పెడు కాయలు తీసి, పేరు లేని, నంబరు మాత్రమే ఉన్న కవర్లో పెట్టి, కొనుగోలుతో సంబంధం లేని అనుభవజ్ఞులిద్దరితో విడివిడిగా గ్రేడు వేయించాలన్నది ఆమె ఆలోచనే. నాకు చాలా నచ్చింది. ఒకే అడ్తిలో, అంటే ఒకే కమీషన్ దుకాణంలో, పది రాశులు చూస్తే పది వేర్వేరు సాక్ష్యాలు దొరికినట్టు కాదని నేను చెప్పాను. ఆ అడ్తిదారు తీరు పదింటి మీదా ఉంటుంది. అందుకే తక్కువ అడ్తుల్లో ఎక్కువ రాశుల కంటే, ఎక్కువ అడ్తుల్లో తలా కొన్ని రాశులు మేలు. సగటు కట్టేటప్పుడు రెండు బస్తాల రాశినీ నలభై బస్తాల రాశినీ ఒకే తూకంలో వేయకూడదు.

తరువాత అప్పు సంగతి వచ్చింది. పెట్టుబడికి అడ్తిదారు దగ్గర డబ్బు తీసుకున్న రైతు సరుకు అక్కడికే తేవాలి. అదే గ్రేడు కాయకు అతనికి ధర తగ్గుతుందా? తగ్గుతుందనే ఆమె అనుకుంటోంది, నేనూ అనుకుంటున్నాను. తగ్గడం లేదని లెక్క తేలితే ఏం రాస్తావని అడిగాను. ‘తగ్గలేదనే రాస్త సార్. కానీ మాకు చెప్పిన రైతులకు అది ఎట్ల చెప్పాలె?’ అంది. ఏ అంకె వస్తే మన అనుమానం తప్పని ఒప్పుకుంటామో సేకరణకు ముందే కాగితం మీద పెట్టాలని నేను అందరితోనూ పట్టుబడతాను. సినాప్సిస్‌లో నాకు అన్నిటికంటే ముఖ్యమైన పేరా అది. సాధారణంగా ఎవరూ రాయనిది కూడా అదే.

క్యాలెండర్ గురించి ఒక్క మాట. మిర్చి రాక జనవరిలో పుంజుకుని మే దాకా సాగుతుంది. కమిటీ ఆమోదం మార్చిలో వస్తే సీజన్ సగం పోయినట్టే, ఆపైన కోల్డ్ స్టోరేజీ సరుకు కలిసి లెక్క మారుతుంది. కాబట్టి కాగితం దసరాలోపు సిద్ధం కావాలి.

మిగిలింది ఒక చిక్కు. ‘నీకు చెప్తే నాకేమొస్తది బిడ్డా?’ అని ఒక పెద్దాయన ఆమెను అడిగాడట. ఆయనకు ఏమీ రాదు, ఆ మాట ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి. అప్పు గురించి యార్డులో, గుమస్తా వినేంత దూరంలో అడగడం రైతును ఇబ్బందిలో పెట్టడమే. ఫోన్ నంబరు తీసుకుని, రైతు ఊరు చేరాక రాత్రి ఫోన్ చేయాలన్నది ప్రస్తుతానికి మా ఆలోచన. జనవరిలో తొలి సరుకు రాగానే పది రాశులతో ప్రయత్నిస్తుంది. ఫోన్లో సగం మందైనా చెప్పకపోతే అప్పు ప్రశ్నను సినాప్సిస్ నుంచి తీసేసి, జెండా పాటకూ మామూలు రాశికీ ఉన్న తేడా కొలవడం వరకే చేయాలని ఇద్దరం అనుకున్నాం.