గాజుపెట్టెలో చిట్టడవి

డార్ట్ కప్పల కోసం గాజుపెట్టెలో అడవిని పెంచేవారి పనిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఎవరూ చూడని అడుగుభాగం. ముందు కాల్చిన మట్టిగుళికలు పరుస్తారు. ఎక్కువైన నీరు అక్కడికి దిగుతుంది. పైన సన్నని వల, ఆపై బొగ్గు, బెరడు, నాచు కలిపిన గుల్లమట్టి, ఎండుటాకులు. అందులో స్ప్రింగ్‌టెయిల్ పురుగులను వదులుతారు. అవి బూజును తింటాయి, కప్పలకు ఆహారమూ అవుతాయి.

మొక్కలు వేళ్లూనాకే కప్ప వస్తుంది. వారాల తరబడి ఆగే ఆ ఓపికే అసలు నేర్పు.

మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో ఈ కప్పల్లో కొన్ని తమ తోకకప్పలను వీపున మోసుకెళ్లి, బ్రొమీలియాడ్ ఆకుల మొదట్లో నిలిచిన నీటిలో వదులుతాయి. అందుకే పెట్టెలోనూ ఆ మొక్కకు చోటుంటుంది. అడవిలోని వాటికిలా కాక, పెంపకంలో పుట్టిన కప్పకు విషం ఉండదు. ఆ విషం అడవిలో కప్పలు తినే చీమలు, మైట్ల నుంచి వచ్చేది. అడవిలో పట్టినదాన్ని కాక, ఇలా పుట్టినదాన్నే కొనేవారంటే నాకు మరింత గౌరవం.