కొత్త బొమ్మ అంటే ఏది?

డెన్మార్క్ దేశపు లెగో కంపెనీ 2008లో తాజ్ మహల్ నమూనాను తెచ్చింది. అందులో 5,922 ముక్కలు. చూడటానికి చాలా బాగుంటుంది. చదరపు ముక్కలతో గుండ్రటి గుమ్మటం తేవడం గొప్ప పనే. కానీ ఆ గొప్ప దాన్ని రూపొందించినవాళ్లది. వాళ్లిచ్చిన పుస్తకం చూసి పేర్చినవారికి ఓపిక ఉంది అనాలి గానీ, కొత్తగా చేశారు అనలేము.

ఎనిమిది బొడిపెలున్న ఒకే రంగు ఇటుకలు ఆరు ఉంటే చాలు, వాటిని 91,51,03,765 రకాలుగా కలపవచ్చని గణితం చెబుతుంది. ఇన్ని దారులుండగా అందరూ ఒకే దారిలో ఎందుకు పోవాలి?

మన పావగడ తాలూకానే తీసుకుందాం. తిరుమణి దగ్గర 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. నీలం పలకలు వరుసగా పెడితే దాని నమూనా సులభంగా అయిపోతుంది. అయితే అది సగం బొమ్మే. ఆ భూములు వానలు సరిగా పడని చోట రైతులు కౌలుకిచ్చినవి. పలకల పక్కన ఒక శెనక్కాయ చేను, ఒక రైతు లేకపోతే అది మన సోలార్ పార్కు అని ఎవరికి తెలుస్తుంది? పావగడ కొండమీది కోట ఇంకా కష్టం. గుండ్లకు మూలలుండవు, ఇటుకలకుంటాయి. అసలు తెలివి అక్కడే కావాలి.

అందుకే ప్రదర్శనలో ముక్కలు లెక్కపెట్టి బహుమతి ఇవ్వకూడదు. ఏం పెట్టారు, ఏం వదిలారు, ఎందుకు అని అడగాలి. తాజ్ మహల్‌ను కట్టేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. మన కొండను మనం కట్టకపోతే ఇంకెవరు కడతారు?