ముట్టడిలో పుస్తకం: సరయేవో రచనలపై ఒక పరిశీలన

యుద్ధకాలంలో చదువే సమాజాన్ని నిలబెడుతుందని చెప్పడం సులువు. ముస్లిం సభల్లో ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా తొలి వహీలోని పఠనాజ్ఞను జ్ఞాపకం చేసి, అంతటితో ఉపన్యాసం ముగించడం ఆనవాయితీ అయింది. కాని బోస్నియా రాజధాని సరయేవో ఉదంతాన్ని శ్రద్ధగా పరిశీలించినవారికి ఆ మాట అంత తేలికగా నోట రాదు. 1992 ఏప్రిల్ నుండి 1996 ఫిబ్రవరి వరకు ఆ నగరాన్ని చుట్టూ ఉన్న కొండల మీద నుండి ముట్టడించిన సెర్బు సేనల రాజకీయ నాయకుడు రాడొవాన్ కరాజిచ్ స్వయంగా కవి. కవితా సంపుటాలు ప్రచురించినవాడు. అతని ముఖ్య సహచరుడు నికోలా కోల్యెవిచ్ షేక్స్‌పియర్ నాటకాలపై పండితుడు, సరయేవో విశ్వవిద్యాలయంలోనే ఆచార్యుడు. అంటే కొండ మీదా పాఠకులున్నారు, కొండ కిందా పాఠకులున్నారు. ఏ చదువు నిలబెట్టింది, ఏ చదువు కూల్చింది అన్నదే తేలవలసిన సంగతి.

ఈ చేదు ప్రశ్నకు ముఖం చాటు చేయని రచయిత జెవాద్ కరహసన్ (1953–2023). ముట్టడి నడుస్తుండగానే, 1993లో, ఆయన వ్యాససంపుటి వెలువడింది. ఇల్లు మారిన దినచర్య అని దాని పేరుకు అర్థం. అందులో సాహిత్యాన్ని కూడా ఆయన నిందితుల వరుసలో నిలబెట్టాడు. వీరగాథల మత్తులో మనుషుల్ని శత్రువులుగా మలచిన రచన ఒకటి. ఏదైనా అందంగా ఉంటే చాలు, మంచిచెడ్డలతో పని లేదని పక్కకు తొలగిన రచన మరొకటి. ఇళ్లు కాలుతున్న ఊళ్ళో కూర్చుని ఒక సాహితీవేత్త తన వృత్తిమీదే ఈ నేరం మోపడం సామాన్యం కాదు. పుస్తకంలో బలమైన భాగం ఇదే.

నగర వర్ణన దగ్గర మాత్రం ఆయనతో పూర్తిగా ఏకీభవించడం కష్టం. నడుమ అన్ని మతాలవారూ కలుసుకునే బజారు, చుట్టూ ముస్లింలకు, క్యాథలిక్కులకు, ఆర్థడాక్సులకు, యూదులకు వేర్వేరు మొహల్లాలు – ఈ చిత్రం మనోహరమైనదే గాని మరీ నునుపుగా ఉంది. అంత చక్కని అమరిక అంత త్వరగా ఎలా చెదిరిందో ఆ వర్ణన చెప్పదు. పోగొట్టుకున్న ఇంటిని తలచుకునేవాడికి గోడల బీటలు కనబడవు కాబోలు.

1994లో వచ్చిన మిల్యెంకో యెర్గోవిచ్ కథల సంపుటి ‘సరయేవో మార్ల్‌బొరో’ మరో దారి తొక్కింది. ఈయన ముస్లిం కాదు, క్రొయేషియన్ కుటుంబీకుడు; అయినా ఊరు ఒకటే, షెల్లులూ ఒకటే. ఆయన కథల్లో వీరులు లేరు. ఒక కాక్టస్ మొక్క, ఒక పాత ఫోక్స్‌వ్యాగన్ కారు, పొరుగింటి మాటలు. చివరి రచన గ్రంథాలయం గురించి. ఇళ్ళలోని సొంత పుస్తకాలు తగలబడటం నుండి జాతీయ గ్రంథాలయ దహనం దాకా చెప్పుకొచ్చి, ఎవరో తెలియని పాఠకునితో పుస్తకాలు ఎప్పటికైనా ధూళేనని చెప్పి ఆగిపోతుంది. అందులో నిరాశ మాత్రమే చూచిన విమర్శకులు తొందరపడ్డారు. కోల్పోయినదాన్ని మరొకరికి చెప్పడమే అక్కడ జరుగుతున్న పని. వినేవాడు ఉన్నాడన్న నమ్మకం లేకుండా ఆ వాక్యాలు పుట్టవు.

ఆ దహనం కల్పన కాదు. 1992 మే 17న ప్రాచ్య విద్యాసంస్థ మీద నిప్పు షెల్లులు పడి, అరబ్బీ, ఫార్సీ, తుర్కీ భాషలలోని 5,000కు పైగా రాతప్రతులు బూడిదయ్యాయి. ఆగస్టు 25 రాత్రి జాతీయ గ్రంథాలయం అంటుకుంది. అందులో సుమారు 15 లక్షల సంపుటాలు ఉండేవని అంచనా. ఉద్యోగులు, పౌరులు వరుసకట్టి చేతినుండి చేతికి అందించి దక్కించింది కొంతే. ఆ రక్షణలో పాల్గొన్న యువ గ్రంథాలయ ఉద్యోగిని ఒకామె ఇంటికి వెళ్తూ షెల్లుకు బలి అయింది. నీళ్ళు లేవు, కరెంటు లేదు. చలికాలంలో కొందరు ఇంటి సామానుతోపాటు సొంత పుస్తకాలనూ పొయ్యిలో పెట్టుకోవలసి వచ్చింది. పుస్తకాన్ని పూజించే వ్యాసాలు ఈ చివరి సంగతిని దాటవేస్తాయి. చలికి వణికే బిడ్డకోసం పుస్తకం కాల్చిన తండ్రికీ, ఊరి జ్ఞాపకాన్ని తుడిచేయడానికి గ్రంథాలయం కాల్చినవాడికీ తేడా చెప్పలేని విమర్శ ఎందుకు?

గాజీ ఖుస్రవ్ బేగ్ గ్రంథాలయం కథ ఇక్కడే అక్కరకు వస్తుంది. 1537 నాటి వఖ్ఫ్‌నామాలో దాత ఒక షరతు రాయించాడు: మద్రసా నిర్మాణంలో మిగిలిన సొమ్ముతో మంచి గ్రంథాలు కొనాలి, వాటిని చదివేవారు చదవాలి, విద్యాసక్తులు ప్రతులు రాసుకోవాలి. అంటే వఖ్ఫ్ చేసింది అలమారా కోసం కాదు, పాఠకుని కోసం, లేఖకుని కోసం. ముట్టడి కాలంలో గ్రంథాలయాధిపతి ముస్తఫా యాహిచ్, రాత్రి కాపలాదారు, మరికొందరు కలిసి పదివేలకు పైగా రాతప్రతులను అరటిపండ్ల అట్టపెట్టెల్లో సర్ది, తూటాల నడుమ ఒకచోటి నుండి మరొకచోటికి పలుమార్లు మోశారు. వాటిలో ఇమామ్ గజాలీ ‘ఇహ్యా’కు ఆయన జీవించి ఉండగానే, 1106 ప్రాంతంలో రాసిన ప్రతి కూడా ఉంది.

ఈ సాహసాన్ని చిత్రించినవారు పెట్టెలనే చూపించారు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది: ముట్టడి కొనసాగుతుండగానే రాతప్రతులలో కొన్నింటిని మైక్రోఫిల్మ్ తీశారు. దాత విధించిన ప్రతి రాసుకోవడమన్న షరతును నాలుగున్నర శతాబ్దాల తర్వాత ఆ విధంగా పాటించారు. కొండ మీది కవికి తన జాతి గాథ సొంత ఆస్తి. ఎదుటివాడికి అందులో చోటు లేదు. ఈ మోతగాళ్ళకు పుస్తకం అమానత్. తమకు ముందు రాసినవాడికీ, తర్వాత చదవబోయేవాడికీ నడుమ తాము నిలబడి ఉన్నారు. కరహసన్ తన వ్యాసాల్లో సాహిత్యం నుండి కోరిన నీతి ఇదే. సిద్ధాంతంగా ఆయన వెతికినదాన్ని ఒక కాపలాదారు భుజాన మోశాడు.

జాతీయ గ్రంథాలయ భవనం 2014 మేలో తిరిగి తెరుచుకుంది. రాళ్ళు, రంగులు యథాపూర్వంగా వచ్చాయి, పుస్తకాలు మాత్రం తిరిగి రాలేదు. అదే ఏడాది జనవరిలో ఖుస్రవ్ బేగ్ గ్రంథాలయానికి ఖతర్ సహాయంతో కట్టిన కొత్త భవనం ప్రారంభమైంది. అట్టపెట్టెల్లో తిరిగిన రాతప్రతులు ఇప్పుడు అక్కడ చదువుకోవడానికి దొరుకుతాయి.