కోపంలో కాదు, పొలం అమ్మినప్పుడు

వీలునామా మార్పించాలని నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లు ఎక్కువగా మనసు కష్టపడ్డప్పుడే వస్తారు. పెద్దకొడుకు పండక్కి రాలేదనో, కోడలు మాట అందనో. వాళ్ల బాధ నిజమైనదే. అయినా ఓ నెల ఆగి రమ్మంటాను. ఆగకూడని సందర్భాలు వేరే ఉన్నాయి. పొలం అమ్మినప్పుడు, ఇంటిస్థలం డెవలప్‌మెంటుకు ఇచ్చి ఫ్లాట్లు తీసుకున్నప్పుడు వెంటనే రావాలి. అప్పుడేమో వీలునామా ఎవరికీ గుర్తురాదు.

ఒకాయన చెరువు కింద రెండెకరాలు కూతురికి, ఊళ్లో ఇల్లు కొడుక్కి రాశాడనుకుందాం. తర్వాత ఆ పొలం అమ్మి డబ్బు బ్యాంకులో వేశాడు. ఆ డబ్బు అమ్మాయిదే అన్నది ఆయన మనసులో మాట. చట్టానికి ఆ మాట వినపడదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, ఫలానాదని గుర్తు చెప్పి రాసిన ఆస్తి ఆయన పోయేనాటికి ఆయనది కాకపోయినా, వేరే రూపంలోకి మారిపోయినా, దాని గురించిన ఆ రాత రద్దయినట్టే. వీలునామా చివర ‘మిగతాదంతా నా కొడుక్కి’ అని ఒక్క వాక్యం ఉంటే డిపాజిట్ కూడా అతనికే పోతుంది. కూతుర్ని నామినీగా పెట్టాను కదా అంటారు. నామినీ ఆ డబ్బు తీసుకోగలదు గానీ, అంతమాత్రాన సొంతదారు కాదు. కన్నతండ్రి ప్రేమగా రాసిన కాగితం అలా అన్నాచెల్లెళ్ల మధ్య వ్యాజ్యమవుతుంటే చూడడం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

మరణాలూ అంతే. కొడుక్కో కూతురికో రాస్తే, వాళ్లు ముందే పోయినా వాళ్ల సంతానం ఉంటే ఆ వాటా మామూలుగా నిలబడుతుంది. తమ్ముడికో కోడలికో రాసి, వాళ్లు ముందుగా పోతే ఆ వాటా పడిపోతుంది. పెళ్లి సంగతి మతాన్ని బట్టి ఉంటుంది. క్రైస్తవులు పెళ్లికి ముందు రాసిన వీలునామా పెళ్లితో రద్దవుతుంది, హిందువులది కాదు.

మన భూముల లెక్కలు కూడా మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల చోట ల్యాండ్ పార్సెల్ మ్యాప్ (ఎల్‌పీఎం) నంబర్లు వచ్చాయి. తెలంగాణలో 2016 నుంచి జిల్లాలు, మండలాలు మారిపోయాయి. పాత నంబరు ఉన్నంతమాత్రాన వీలునామా చెల్లకుండా పోదు. కానీ ఈ భూమి ఆ భూమేనని చూపడానికి పిల్లలు ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆ తిరుగుడు వాళ్లకెందుకు?

ఖర్చు అడుగుతారు. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు. తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటే కట్టే ఫీజు చిన్నది, ఆస్తి విలువను బట్టి పెరగదు. మంచం పట్టినవాళ్ల కోసం ఇంటికి వచ్చి రిజిస్టర్ చేసే వీలూ ఉంది, దానికి కొంత అదనం. లాయరుకో దస్తావేజు రైటరుకో ఇచ్చేది ముందే మాట్లాడుకోండి. వయసు పైబడినవాళ్లయితే అదే రోజు డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలని నేను పట్టుబడతాను. రేపు ‘నాన్నకు అప్పటికే మతి లేదు’ అన్న మాటకు అదొక గట్టి జవాబు.

మాటిమాటికీ మార్చడమెందుకు, ఇప్పుడే రాసిచ్చేస్తే పోతుంది కదా అని గిఫ్ట్ డీడ్ చేసేవాళ్లున్నారు. దానికి మార్కెట్ విలువ మీద డ్యూటీ కట్టాలి. ఇచ్చాక వెనక్కి తీసుకోవడం బహుకష్టం. 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం కింద రద్దు అడగాలన్నా, చూసుకోవాలన్న షరతు మీదే ఇచ్చామని చూపాలి. వీలునామా అలా కాదు. తెలివి సరిగా ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

మార్చే పద్ధతి మాత్రం సరిగా ఉండాలి. పాత కాగితం మీద పెన్నుతో కొట్టేసి పక్కన పేరు రాస్తే కుదరదు. ఆ దిద్దుబాటు దగ్గర మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. చిన్న మార్పుకు వీలునామాకు అనుబంధంగా కోడిసిల్ రాసుకోవచ్చు, దానికీ సాక్షులు ఇద్దరే. నాకైతే పూర్తిగా కొత్తది రాయడమే ఇష్టం, రెండు కాగితాలు ఒకదానితో ఒకటి పొసగకపోతే తగువు అక్కడే మొదలవుతుంది. పాతది రిజిస్టరైతే దాని నంబరు, తేదీ వేసి రద్దు చేస్తున్నట్టు రాయండి. అమెరికాలో ఇల్లు కొనుక్కుని అక్కడి లాయరుతో వీలునామా రాయించుకునే మన పిల్లలు ఒక వాక్యం జాగ్రత్తగా చూసుకోవాలి. ‘ఇంతకుముందు రాసినవన్నీ రద్దు’ అని ఉంటే, గుంటూరులో పొలానికి రాసుకున్నదీ దాంతో పోవచ్చు.

ఇక సాక్షులు. కోర్టులో రుజువు కావాలంటే వాళ్లలో ఒకరైనా వచ్చి చెప్పాలి. ఇద్దరూ పోయి ఉంటే చేతిరాత, సంతకాలు రుజువు చేసుకునే అవస్థ. మన ఈడువాళ్లయిన స్నేహితులతో సంతకం పెట్టించడం మనకు అలవాటు. అందుకే ఆస్తిలో మార్పేమీ లేకపోయినా, సాక్షులిద్దరూ పోయారని తెలిస్తే అదే రాతను కొత్తవాళ్లతో మళ్లీ రాయించమంటాను. ఊళ్లోనే ఉండేవాళ్లను, మీకంటే బాగా చిన్నవాళ్లను, మీ ఆస్తిలో వాటా లేనివాళ్లను చూసుకోండి.